గంజి లేని ఇంట్లో తరవాణి

మా అమ్మమ్మ వంటల్ని రాసి పెట్టుకుందామని కూర్చున్నప్పుడు నా ప్లాన్ చాలా సాదాగా ఉంది. పెద్దమ్మకి ఫోన్ చెయ్యాలి. ఒక్కో వంటకి ఏమేం కావాలో, ఎంతెంత వెయ్యాలో అడిగి రాసుకోవాలి. ఆదివారం పూట హైదరాబాద్‌లో మా ఫ్లాట్‌లో చేసి చూడాలి. అమ్మమ్మ పక్కన నిలబడి వండినవాళ్ళలో ఇప్పుడు మిగిలింది పెద్దమ్మ ఒక్కతే. ఎనభై దాటాయి. మోకాళ్ళు సహకరించవు కానీ మాటా, జ్ఞాపకమూ రెండూ గట్టివే. అమలాపురం దగ్గర పల్లెలో, అమ్మమ్మ వండిన ఆ ఇంట్లోనే ఉంటుంది.

జాబితాలో మొదట రాసుకున్నది తరవాణి, అంటే కుండలో పులియబెట్టిన గంజి. వేసవి సెలవుల్లో పొద్దున్నే పిల్లలందరికీ పెట్టే చద్దన్నం అందులో నానిందే. పుల్లగా, చల్లగా ఉండేది. అది తిని వెళ్తే మధ్యాహ్నం దాకా ఎండలో తిరిగినా ఎవరూ ఏమీ అనేవారు కాదు.

"తరవాణి ఎలా పెట్టేవారు పెద్దమ్మా?"

"పెట్టడానికేముందిరా, గంజి వార్చి కుండలో పొయ్యడమే."

"మా ఇంట్లో కుక్కర్ కదా, గంజి రాదు."

"గంజి రాకపోతే తరవాణి ఎక్కణ్ణుంచి వస్తుంది నాన్నా?"

వెటకారానికి అనలేదు. నిజంగానే ఆశ్చర్యపోయింది. ఉలవచారు అడిగితే "ఎడ్లని అమ్మేశాక మానేశాం" అంది. తెలగపిండి కూర అంటే "గానుగ ఎత్తేశారుగా" అంది. మజ్జిగ పులుసు సంగతెత్తితే, పాలన్నీ కేంద్రానికి పోస్తుంటే ఇంట్లో మజ్జిగ ఎక్కడుంటుందని నన్నే అడిగింది. నేను వంటలు అడుగుతున్నాను, ఆవిడ ఊళ్ళో ఏది ఎప్పుడు ఆగిపోయిందో చెబుతోంది.

ఫోన్ పెట్టేశాక జాబితాని మళ్ళీ చూసుకున్నాను. నాకు బాగా గుర్తున్న వంటల్లో సగానికి పైగా ఎవరూ పనిగట్టుకుని చేసినవి కావు. అన్నం వండితే గంజి వచ్చింది, గంజితో తరవాణి. ఎడ్లకి ఉలవలు ఉడకేస్తే కట్టు వచ్చింది, కట్టుతో చారు. నువ్వులు గానుగ ఆడిస్తే తెలగపిండి. వెన్న తీస్తే మజ్జిగ. ఆ వెన్నని కాస్తే గిన్నె అడుగున గసి, దాంట్లో ఇంత బెల్లమో, ఇంత అన్నమో వేసి కలిపి పిల్లలకి తలో ముద్ద. అరటిగెల కొడితే దూట. బీరకాయ కూర చేస్తే తొక్కుతో పచ్చడి. ఆవకాయ కలిపాక ఆ బేసిన్‌లోనే వేడన్నం వేసి కలిపిన ముద్దలు. ఇవన్నీ ఏదో పెద్ద పని వెనకాల వచ్చినవి. అసలు పని ఆగిన రోజున వంట కూడా ఆగింది. బద్ధకించో, రుచి తెలియకో ఎవరూ మానలేదు.

కాబట్టి కొలతలు రాసుకుంటే సరిపోదని అర్థమైంది. జాబితాలో ప్రతి వంట పక్కనా ఇంకో గడి గీసి, దాని వెనకున్న పనేమిటో రాశాను. ఆ పని మూడో అంతస్తులో, రెండు పొయ్యిల గ్యాస్ స్టవ్ మీద ఎంతవరకు కుదురుతుందో చూడటమే నా అసలు పని అయింది.

పండగ వంటల సంగతి వేరు. అరిసెలు, సున్నుండలు పనిగట్టుకుని చేసేవే. వాటి కొలతలు అమ్మ ఒక పాత డైరీలో రాసుకుంది. అక్కడ వచ్చిన చిక్కు ఇంకో రకం. మన దేశంలో మెట్రిక్ తూకాల చట్టం 1956లో వచ్చింది, 1958 అక్టోబరు నుంచి దశలవారీగా అమలైంది. అమ్మ డైరీ 1970ల నాటిది. అయినా అందులో గ్రాము అన్నమాటే లేదు. "రెండు మానికల బియ్యానికి వీశె బెల్లం." "తవ్వెడు మినుములకు శేరున్నర బెల్లం." బజారు మారినా వంటింట్లో సోల, తవ్వ, మానిక అలాగే ఉండిపోయాయన్నమాట.

వీశెతో ఇబ్బంది లేదు. వీశె అంటే 120 తులాలు. తులం 11.66 గ్రాములు కాబట్టి దాదాపు కిలో నాలుగొందల గ్రాములు. శేరు దగ్గరే జాగ్రత్తగా ఉండాలి. శేరు అని ఎక్కడ వెతికినా ముందుగా కనిపించేది ఉత్తరాదిన నడిచిన 80 తులాల పక్కా శేరు, అంటే 933 గ్రాములు. ఆ లెక్కన తవ్వెడు మినుములకి, అంటే దాదాపు అరకిలోకి, కిలో నాలుగొందల బెల్లం పడుతుంది. వాటిని సున్నుండలు అనరు, బెల్లం ఉండలు అంటారు. మా వైపు వాడింది 24 తులాల శేరు. అలాంటి అయిదు శేర్లు కలిస్తే వీశె. అప్పుడు శేరున్నర అంటే 420 గ్రాములు, లెక్క సరిగ్గా కూర్చుంది. పాత కాగితాల్లోంచి వంటలు ఎత్తి రాసుకునేవాళ్ళు శేరు అనే మాట కనిపించినప్పుడల్లా, రాసినవాళ్ళది ఏ ప్రాంతమో ముందు కనుక్కోవాలి.

కొలపాత్రలకి ఇంకో దారి దొరికింది. పెద్దమ్మ దగ్గర ఇత్తడి సోల ఇంకా ఉంది. నాలుగు గిద్దెలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక. సోల ఒక్కటి తెలిస్తే అన్నీ తెలిసినట్టే. మా తమ్ముడు ఊరెళ్ళినప్పుడు దాన్ని తెచ్చాడు. బియ్యం పోసి, పైన చేత్తో సమం చేసి తూస్తే పావుకిలోకి కాస్త అటూ ఇటూ వచ్చింది. రెండు మానికల బియ్యం అంటే రెండు కిలోలు, వాటికి వీశె బెల్లం. అరిసెల కొలత తేలిపోయింది. పాకం గురించి మాత్రం డైరీలో "పాకం వచ్చాక" అని ఉందంతే. నీళ్ళలో వేస్తే చేతికి ఉండలా రావాలని, ఆ ఉండ మెత్తగా ఉండాలని పెద్దమ్మ చెప్పింది. అమ్మకి అది రాసుకోవాల్సిన విషయంగా తోచి ఉండదు.

ఇక తరవాణి. గంజి వార్చడం ఎంత పెద్ద విద్యో కుక్కర్‌కి అలవాటు పడ్డవాళ్ళకి తెలియదు. మన దేశంలో ప్రెషర్ కుక్కర్ల తయారీ 1950ల చివర్లో మొదలైంది. మా ఇంటికి వచ్చింది నా చిన్నతనంలో. అది వచ్చాక బియ్యానికి నీళ్ళు కొలిచి పొయ్యడమే, బయటికి ఏమీ రాదు. వార్చే పద్ధతిలో ఎసరు ధారాళంగా ఉండాలి. బియ్యానికి ఆరింతల నీళ్ళు తెర్లాక, కడిగి నానబెట్టిన బియ్యం వేస్తాను. మెతుకు తీసి వేళ్ళ మధ్య నలిపితే నడిమధ్య సన్నటి పలుకు తగలాలి. అప్పుడే వార్చెయ్యాలి. పూర్తిగా ఉడికేదాకా ఆగితే ముద్దవుతుంది, ఎందుకంటే వార్చాక సన్న సెగ మీద ఉమ్మగిల్లినప్పుడు ఆ మిగిలిన పలుకు కూడా ఉడుకుతుంది. గిన్నె మీద బోర్లించడానికి సిబ్బి కావాలి. చిల్లుల పళ్ళెం ఏదైనా పనికొస్తుంది కానీ గిన్నె అంచుకి సరిగ్గా పట్టకపోతే అన్నమంతా సింక్‌లోకి జారుతుంది. సోలతోపాటు తమ్ముడు అటక మీది సిబ్బి కూడా తేబట్టి బతికిపోయాను. మా ఆవిడకి ఆ ఆవిరి చూస్తేనే టెన్షన్. వార్చేటప్పుడు వంటింట్లోకి ఎవరూ రాకూడదని రూల్ పెట్టింది.

వచ్చిన గంజి అమ్మమ్మ గంజి అంత చిక్కగా ఉండదు. ఆవిడ వండింది అక్కుళ్ళు అనే పాతరకం, అదీ దంపుడు బియ్యం. మేం తినేది బాగా పాలిష్ పట్టిన సాంబ మసూరి. బాపట్ల పరిశోధన కేంద్రం 1986లో విడుదల చేసిన బీపీటీ 5204 అదే. అన్నానికి దానికి వంక పెట్టడానికి లేదు, గంజి మాత్రం పల్చన. నిరుటి పంట దంపుడు బియ్యం తెచ్చి, మూడోవంతు అవి కలిపి వండితే గంజికి ఒంట్లో బలం వచ్చినట్టయింది.

కుండ కొత్తదైతే రెండు రోజులు నీళ్ళలో నానబెట్టి, ఒకసారి గంజి కాచి పారబోసి, అప్పుడు వాడాలి. చల్లారిన గంజి అందులో పోసి, గుప్పెడు మెతుకులు, చిటికెడు ఉప్పు వేసి, పల్చటి గుడ్డ కట్టి నీడన పెట్టాలి. మర్నాటి గంజి మర్నాడు అందులోకే. ఎండాకాలంలో మూడు నాలుగు రోజులకి పులుపు తేలుతుంది. పెరుగు తోడుకోవడంలో పనిచేసే జాతి బ్యాక్టీరియానే ఇక్కడా పనిచేస్తుంది, అవి పుట్టించే లాక్టిక్ ఆమ్లం వల్లే ఆ రుచి. వాసన పుల్లగా, శుభ్రంగా ఉంటే సరే. ముక్కు తిప్పుకునేలా ఉన్నా, పైన రంగు బూజు కనిపించినా కుండతో సహా పారబొయ్యాల్సిందే, మొహమాటపడకూడదు. రాత్రి మిగిలిన అన్నంలో తరవాణి పోసి ఉంచితే పొద్దున్నకి మెతుకు ఉబ్బి, మెత్తగా పులిసి ఉంటుంది. ఉప్పు, పచ్చిమిరపకాయ, ఉల్లిపాయ. మాగాయ టెంక ఉంటే ఆ రోజు ఇంకేం అడగక్కర్లేదు.

మా అబ్బాయికి మొదటి ముద్దకే నచ్చలేదు, ఇప్పటికీ నచ్చదు. నేను బతిమాలలేదు. ఈ పులుపు చిన్నప్పుడు అలవాటైతేనే నాలిక మీద నిలుస్తుందనుకుంటాను. మా ఆవిడ మాత్రం అన్నం తిన్నా తినకపోయినా గంజి కోసం ఎదురుచూస్తుంది. కాటన్ చీరలకి పెట్టడానికి! ఇన్నాళ్ళూ స్టార్చ్ పొడి కొని కలిపేది. గంజి పెట్టి, ఆరేసి, ఇస్త్రీ చేసిన వెంకటగిరి చీర నిలబడే తీరు వేరట. వార్చిన రోజున గంజిలో సగం కుండకి, సగం బకెట్‌కి అని వాటా కుదిరింది.

ఉలవచారుకి ఎడ్లు లేకపోవడమే పెద్ద లోటు. నవ్వులాట కాదు. అమ్మమ్మ ఇంట్లో పశువులపాక పక్కన పెద్ద ఇత్తడి గుండిగలో ఉలవలు పొద్దుటి నుంచి ఉడికేవి. గింజలన్నీ దుక్కి ఎడ్లకి. మనుషులకి వంచుకున్న కట్టు. చారు అంత చిక్కగా రావడానికి కారణం చేయి మహిమ అనే కంటే గింజ లెక్క అనడం సబబు. నాలుగైదు కిలోల ఉలవల సారం ఒక్క గిన్నెడు చారులోకి దిగేది. ట్రాక్టర్ వచ్చింది, ఎడ్లు పోయాయి. ఉలవలు ఉడకెయ్యడం చారు కోసమే అయితే ఆ గింజలన్నీ ఎవరు తింటారు?

ఫ్లాట్‌లో నేను కుదుర్చుకున్న పద్ధతి ఇది. అరకిలో ఉలవలు రాళ్ళు ఏరి, కడిగి, రాత్రంతా నానబెట్టాలి. ఏరడం దగ్గర ఓపిక పట్టాలి, ఉలవల్లో వాటి రంగు రాళ్ళే ఉంటాయి. మూడు లీటర్ల నీళ్ళతో కుక్కర్‌లో రెండు వాయిలుగా, విజిల్ వచ్చాక మంట తగ్గించి ముప్పావుగంట ఉడికిస్తాను. గింజ వేళ్ళ మధ్య మెత్తగా నలగాలి. కట్టు వంచి, గుప్పెడు గింజలు మెత్తగా రుబ్బి అందులోనే కలిపి, పల్చటి చింతపండు రసం, ఉప్పు వేసి, అడుగు మందం గిన్నెలో సన్న సెగ మీద సగానికి మరగనివ్వాలి. ఈ మరగడాన్ని కుక్కర్ తగ్గించలేదు. గంటన్నర, రెండు గంటలు పడుతుంది. ఆఖర్న వెల్లుల్లి, ఎండుమిర్చి, జీలకర్ర, కరివేపాకుతో ఘాటుగా పోపు, ఎర్రగా వేగిన ఉల్లిపాయ. వడ్డించేటప్పుడు మీగడో వెన్నో తప్పదు. అది లేకపోతే నాలికకి కాస్త వగరు తగులుతుంది.

చారు బాగానే కుదిరింది. మిగిలిన గింజలతోనే సమస్య. పోపు పెట్టి గుగ్గిళ్ళు చేశాం, ఎండుమిర్చి వేసి పచ్చడి నూరాం, గారెల్లో కలిపాం. ఇంట్లో ఉలవ అనే మాట వినపడితే అందరూ లేచిపోయే పరిస్థితి వచ్చింది. చివరికి మా కాలనీ వెనక ఉన్న గోశాలలో అడిగితే, ఉప్పూ కారం లేని గింజలైతే తీసుకుంటామన్నారు. ఈ సంగతి పెద్దమ్మకి చెప్తే గట్టిగా నవ్వి, "అయితే చేరాల్సిన చోటికే చేరాయిలే" అంది. ఆ వెంటనే గొంతు తగ్గించి, కుక్కర్‌లో ఎన్ని విజిల్స్ రానివ్వాలో అడిగింది. ఎడ్లు పోయినప్పటి నుంచీ ఆవిడ కూడా ఉలవచారు తినలేదు మరి.

తెలగపిండి విషయంలో కాలం మనకి కలిసొచ్చింది. చెక్క గానుగలు మళ్ళీ వచ్చాయి. నగరాల్లో కూడా మన కళ్ళ ముందే నువ్వులు ఆడించి నూనె ఇస్తున్నారు. నువ్వుల నూనె తీశాక మిగిలే పిండే తెలగపిండి. పెద్ద మిల్లుల్లో ఎక్స్‌పెల్లర్ యంత్రం వేడి మీద నూనె చివరిదాకా పిండేస్తుంది, మిగిలే పిండి గట్టిగా, పొడిగా ఉంటుంది. గానుగ పిండిలో ఇంకా కాస్త నూనె ఉంటుంది, నలిపితే రాలుతుంది, నువ్వుల వాసన పోదు. నేను అడిగినప్పుడు గానుగాయన నన్ను కింది నుంచి పైదాకా చూసి "ఎన్ని గేదెలండీ?" అన్నాడు. కూరకని చెప్పాక నమ్మడానికి కొంచెం టైం తీసుకున్నాడు. ఆ తర్వాత తనే జాగ్రత్తలు చెప్పాడు. ఆ రోజు ఆడిందే తీసుకోవాలి, నిలవుంటే ముక్కవాసన వస్తుంది. అంతకు ముందు వేరుశనగ ఆడిన గానుగైతే మొదటి వాయి పిండి వద్దు. నేల మీద పోసింది అసలే వద్దు, ఇసక పళ్ళకింద పడుతుంది.

తెచ్చిన పిండిని నీడన ఆరబెట్టి, పొడి కొట్టి, జల్లించి సీసాలో పెట్టుకుంటే కొన్ని వారాలు వాడుకోవచ్చు. కూర తేలిక. మునగాకు దూసి, కడిగి, కొద్ది నీళ్ళలో ఉప్పు, పసుపు వేసి ఉడికిస్తాం. ఆకు మెత్తబడి, గిన్నెలో ఇంకా నీళ్ళు ఉన్నప్పుడే తెలగపిండి పైన చల్లి, కలపకుండా మూతపెట్టి సన్న సెగ మీద వదిలెయ్యాలి. పిండి ఆ నీళ్ళు పీల్చుకుని ఉడికాక కలిపితే పొడిపొడిగా విడుతుంది. ముందే కలిపితే ఉండలు కడుతుంది. వెల్లుల్లి దండిగా దంచి పోపు. బాలింతలకి పాలు పడతాయని మా వైపు ఈ కూర తప్పక పెట్టేవారు. నాకు మాత్రం ఇది వేడన్నంలో నువ్వులనూనె వేసుకుని తినే కూర, ఇంకే కారణమూ అక్కర్లేదు. జాబితాలో ఇంటిల్లిపాదీ ఒప్పుకున్నది ఇదొక్కటే.

మజ్జిగ గురించి పెద్దమ్మ చెప్పిన మాటలో నిజముంది. 1970లో పాల ఉత్పత్తి పెంచే ఆపరేషన్ ఫ్లడ్ పథకం మొదలయ్యాక నెమ్మదిగా ఊరూరా పాల కేంద్రాలు వచ్చాయి. పాలకి రోజూ డబ్బులొస్తుంటే తోడుపెట్టి, చిలికి, వెన్న తీసి కూర్చునేదెవరు? చేతికి డబ్బు రావడం ఆడవాళ్ళకి మేలే చేసింది, దాన్ని తప్పుపట్టను. కాకపోతే పెరుగులో నీళ్ళు పోసి గిలక్కొట్టిందాన్నే మజ్జిగ అనుకునే రోజులొచ్చాయి. వెన్న తీశాక మిగిలిన మజ్జిగ తేలిగ్గా ఉంటుంది, కొవ్వు పెద్దగా ఉండదు, పులుపు వేరుగా ఉంటుంది.

ప్యాకెట్ పాలతో వెన్న తియ్యాలంటే ప్యాకెట్ మీద రాసింది చదవాలి. టోన్డ్ పాలలో కొవ్వు 3 శాతం, ఫుల్ క్రీమ్‌లో 6 శాతం. హోమోజినైజ్డ్ అని ఉంటే వదిలెయ్యడం మంచిది, ఆ పాలలో కొవ్వుని సన్నటి కణాలుగా విడగొట్టేస్తారు కాబట్టి మీగడ మందంగా కట్టదు. మాకు దగ్గర్లో గేదెపాలు పోసే ఆయన దొరికాడు. కాచి చల్లార్చిన పాల మీది మీగడ రోజూ తీసి ఒక గిన్నెలో పెరుగు చుక్కతో ఫ్రిజ్‌లో దాస్తాం. వారానికి సరిపడా అయ్యాక బయట పెట్టి పులవనిచ్చి, చల్లటి నీళ్ళు పోసి కవ్వంతో చిలకడమే. ఎండాకాలం ఐసు ముక్క వెయ్యకపోతే వెన్న తేలదు, జిడ్డుగా కలిసిపోతుంది. మిక్సీలో అయిదు నిమిషాల పని. కానీ మిక్సీ వేడికి వెన్న కరిగి కొంత మజ్జిగలోనే ఉండిపోతోందని కవ్వానికే తిరిగొచ్చాను.

ఇక్కడి నుంచి పని దానంతటదే పెరిగింది. వెన్న వచ్చింది కాబట్టి నెయ్యి కాచాం, దించే ముందు మునగాకు రెబ్బ వేశాం. నెయ్యి వచ్చింది కాబట్టి అడుగున గసి మిగిలింది. తరవాణికి మూతి తిప్పుకున్న మా అబ్బాయి ఆ గసిలో బెల్లం నలుపుకుని గిన్నె నాకేశాడు. పుల్ల మజ్జిగ ఉంది కాబట్టి సొరకాయ మజ్జిగ పులుసు. నానిన శనగపప్పు, బియ్యం, అల్లం, పచ్చిమిర్చి, కొబ్బరి రుబ్బి మజ్జిగలో కలిపి, ఉడికిన ముక్కల్లో పోసి, కలుపుతూ సన్న సెగ మీద ఒక్క పొంగు రానివ్వాలి. ఆ రుబ్బిన పిండే మజ్జిగని విరగకుండా కాపాడుతుంది. అయినా తెగ మరిగిస్తే ఆ పిండి కూడా కాపాడలేదు.

అరటి దూట మా బాబాయి కొడుకు ఊళ్ళో గెల కొట్టినప్పుడు బస్సులో పంపాడు. అరటి ఒక్కసారే గెల వేస్తుంది, ఆ తర్వాత చెట్టు నరకాల్సిందే. దాని నడుమ ఉన్న తెల్లటి మెత్తని కాడే దూట. చక్రాలుగా తరుగుతూ వచ్చే పీచుని వేలికి చుట్టి తీసెయ్యాలి. ముక్క నల్లబడకుండా తరిగింది తరిగినట్టు మజ్జిగ నీళ్ళలో వెయ్యాలి. పుల్ల మజ్జిగ ఇంట్లో ఉండటం అక్కడా కలిసొచ్చింది. పసుపు వేసి ఉడికించి, నీళ్ళు పిండేసి, పోపు పెట్టాక ఆవ కలపాలి. ఆవ పెట్టిన కూరకి పెద్దమ్మ చెప్పిన నియమం ఒక్కటే, పొయ్యి దించి, చల్లారాకే కలపాలి. కారణం వెతికాను. ఆవగింజ నలిగి నీళ్ళు తగిలినప్పుడు అందులోని ఎంజైమ్ పనిచేసి ఘాటు పుడుతుంది, వేడి తగిలితే ఆ ఎంజైమ్ చచ్చిపోతుంది. అందుకే ఆవాలు, ఎండుమిర్చి, ఉప్పు కాసిని చన్నీళ్ళతో నూరి కాసేపు పక్కన పెట్టి కలిపితే ముక్కుపుటాలదాకా వెళ్తుంది.

జాబితాలోంచి కొట్టేసినవి కూడా ఉన్నాయి. జున్ను కొట్టేశాను. ఈనిన గేదె తొలిపాలు దూడ తాగాలి, మిగిలితే మనకి. ఇంటి గేదె అయితే ఎంత మిగిలిందో కళ్ళకి కనిపిస్తుంది. సీసాలో కొనుక్కునే జున్నుపాలకి ఆ లెక్క తెలియదు. దిబ్బరొట్టె సగంలో ఉంది. మినప్పిండి, బియ్యపురవ్వ, ఇనుప మూకుడు, అన్నీ కుదిరాయి. కుంపటి మీద పెట్టి మూత మీద కూడా నిప్పులు పోసినప్పుడు రెండువైపులా ఒకేసారి కాలి వచ్చే ఆ పెచ్చు మాత్రం గ్యాస్ మీద రావడంలేదు. తిప్పి కాలిస్తే కిందివైపు బాగానే ఉంటుంది, చెరకు పానకంతో పెడితే ఎవరూ వంక పెట్టరు కూడా. నాకే తేడా తెలుస్తోంది.

ఇప్పుడు పుల్ల మజ్జిగ వారం వారం మిగులుతోంది కాబట్టి చల్లమిరపకాయలు పెట్టాలని చూస్తున్నాను. లేత పచ్చిమిరపకాయలకి గాటు పెట్టి, ఉప్పు కలిపిన పుల్ల మజ్జిగలో రాత్రంతా నానబెట్టాలి. పగలు తీసి ఎండబెట్టి, రాత్రి మళ్ళీ ఆ మజ్జిగలోనే వెయ్యాలి. మజ్జిగంతా పీల్చుకునేదాకా ఇదే వరస, ఆ తర్వాత గలగలలాడేదాకా ఎండ. మా బాల్కనీకి ఎండ పదింటికి వచ్చి పన్నెండుకల్లా వెళ్ళిపోతుంది, అది చాలదు. మేడ మీద అయితే సాయంత్రం దాకా ఉంటుంది కానీ మేడ తాళం అసోసియేషన్ సెక్రటరీ గారి దగ్గర ఉంటుంది. పోయినేడు ఎవరో వడియాలు పెట్టి టైల్స్ మీద మరకలు చేశారని ఆయనకి కోపం. ఆయనది కూడా గోదావరి జిల్లాయే అని వాచ్‌మన్ చెప్పాడు. ఈ ఆదివారం వెళ్ళి అడుగుతాను, వెళ్ళేటప్పుడు తెలగపిండి కూర ఒక గిన్నెలో పట్టుకెళ్తాను.